పిందె మెడలో గాజులు

మా తాత వాళ్ళ తాతకు ఇంకా పాలపళ్ళు ఊడని కాలం. కొండలు కూడా పొద్దున్నే లేవడానికి బద్ధకించి, మంచు దుప్పటి మొహం మీదికి లాక్కునే కాలం. ఊఁ కొట్టండి మరి. మీరు ఊఁ కొడితేనే కథ నడుస్తుంది, లేకపోతే గాడిదలాగా నడివీధిలో నిలబడిపోతుంది.

ఆ కొండల కింద మూడు ఊళ్ళు. మూడు ఊళ్ళకూ గాజులమ్మేవాడు ఒక్కడే, పెంచలయ్య. తాళ్ళకు గాజులు గుచ్చిన మలారం భుజానేసుకుని వీధిలో అడుగుపెడితే ఊరంతా గలగల. వెంట ఆయన పెళ్ళాం నాంచారి. మోసేది ఆయన, తొడిగేది ఆమె. ఎంత మోటు చెయ్యి అయినా సరే, ఆమె చేతిలో పడితే వెన్నముద్ద అయిపోయేదట.

ఒక వానాకాలం జ్వరమొచ్చి పెంచలయ్య పోయాడు. నాంచారి చేతులు బోడిచేతులైనాయి. ఏడ్చింది, ఏడ్చింది, ఏడ్చి ఏడ్చి లేచింది. మలారం తన భుజానికే ఎత్తుకుంది.

మొదటి ఊరికి పోయింది. "నీ చేత్తో మాకొద్దు తల్లీ" అన్నారు.

రెండో ఊరికి పోయింది. "నీ చేత్తో మాకొద్దు తల్లీ" అన్నారు.

మూడో ఊళ్ళో ఆ మాట అనడానికి కూడా లోపలికి రానివ్వలేదు. ఊరికి పెద్దదిక్కు ఓబులమ్మ పొలిమేర రాయి దగ్గరే చేతికర్ర అడ్డం పెట్టింది. "మొగుడు పోయినదానివి, పుణ్యస్త్రీలకు గాజులు తొడుగుతావా? ఈ రాయి దాటావంటే చూడు!"

నాంచారి దాటలేదు. పొట్ట కోసం అంటే కలుపు తీసుకుని బతకొచ్చు. కానీ ఒక ఆడమనిషి చెయ్యి తన రెండు చేతుల మధ్యకు రాకుండా ఎట్లా బతకడం? అదీ ఆమె దిగులు.

ఇంట్లో మిగిలింది ఒక ఇత్తడి బిందె. దాన్నిచ్చి మేకను తెచ్చుకుందామని సంతకు పోయింది. అలవాటు కదా, మలారం భుజానే ఉంది. సంతలో ఒక మూల ఎండుటాకు రంగు గుర్రప్పిల్ల. పొట్టి జాతిది, అప్పుడే తల్లిపాలు మానింది. ఒళ్ళంతా నూగు, మనిషి నడుమంత ఎత్తు. అది మెల్లగా వచ్చి మలారానికి చెవి ఆనించి కళ్ళు మూసుకుంది.

"కొనబాకు పెద్దమ్మా" అన్నాడు అమ్మేవాడే. పాపం, అబద్ధమాడ్డం రాదు వాడికి. "దీనికి చెవులే గానీ కాళ్ళు లేవు. చప్పుడు వింటే చాలు, నిలబడి కలలు కంటుంది."

"కననీ నాయనా. నా ఇంట్లో కలలు కనేవాళ్ళు ఎవరున్నారు?" అంది నాంచారి. బిందె ఇచ్చేసింది.

ఊరుకుంటారా ఇరుగుపొరుగు? "బిందె పోయె, పిందె వచ్చె! ఏమే నాంచారీ, నీళ్ళు దేంట్లో తెస్తావు, దాని చెవుల్లోనా?"

"పేరు మీరే పెట్టినారు, మంచిదే" అంది నాంచారి. అంతే, దాని పేరు పిందె.

నాంచారి తాగిన గంజే పిందె తాగింది. నాంచారి పడుకున్న చోటే పిందె పడుకుంది. ఒకరోజు ముచ్చటపడి దాని మెడలో మూడు గాజులు కట్టింది. గలగల! పిందెకు పట్టరాని సంతోషం. ఎగిరింది, గెంతింది, దొర్లింది. ఇంకేముంది, మూడూ చిట్లిపోయినాయి. చప్పుడు ఆగిపోయింది. పిందె చెవులు అటు తిప్పింది, ఇటు తిప్పింది. వచ్చి నాంచారి అరచేతికి నుదురు ఆనించి నిలబడింది.

"పోగొట్టుకున్నావా? నా దగ్గరికొస్తే మళ్ళీ దొరుకుతాయిలే" అని మరో మూడు కట్టింది.

అట్లా ఎన్నిసార్లో! పిందె పరుగెత్తేది, గాజు చిట్లేది, వచ్చి అరచేతికి నుదురు ఆనించేది. నాంచారి కొట్టలేదు, తిట్టలేదు, నేర్పనూ లేదు. చప్పుడు పోగొట్టుకోవడం ఇష్టం లేక పిందె తనంతట తనే మెత్తగా నడవడం నేర్చుకుంది.

మొదటి ఏడు నూగు రాలి, ఎండుటాకు రంగు కాస్తా తేనె రంగైంది. రెండో ఏడు పాలపళ్ళు ఊడి జూలు మెడ దాటింది. మూడో ఏడు నాంచారి భుజమంత ఎత్తు వచ్చి, మంచులో నడిచొస్తుంటే కాళ్ళు కనిపించేవి కావు. తేనెరంగు మబ్బు ఒకటి గలగలమంటూ నేలకు ఆనకుండా తేలి వస్తున్నట్టుండేదట. చూసేవాళ్ళు చేతిలో పని మరిచిపోయేవాళ్ళు. నాంచారి అయితే రోజూ మరిచిపోయేది.

అప్పుడు దాని వీపు మీద మలారం వేసింది. గలగలా గలగలా, ఒక్క గాజూ చిట్లలేదు.

ఇద్దరూ మూడో ఊరి పొలిమేర రాయి దాకా పోయినారు. నాంచారి ఆగింది. ఊళ్ళో ఆడవాళ్ళు జొన్నలు దంచుతున్నారు, చేతుల గాజులు మోగుతున్నాయి. పిందె ఆగుతుందా? ఆ చప్పుడు వెంటే ఊళ్ళోకి పోయింది. ఆడవాళ్ళంతా మూగినారు. ఎర్రవి, పచ్చవి, నెమలికంఠం రంగువి! తీసుకోవచ్చో లేదో తెలీక ఓబులమ్మ మొహం చూసినారు.

ఓబులమ్మ పిందెను తోక నుంచి తల దాకా చూసింది. "గుర్రానికి మొగుడెవడు, పోయేదెవడు? దానికేం దోషం లేదు, తీసుకోండి."

అట్లా సాగింది. గాజులు తీసుకుని పిందె సంచిలో జొన్నలు పోసేవాళ్ళు. నాంచారికి కడుపు నిండింది. చేతులు మాత్రం నిండలేదు. "ఒక్క చెయ్యి పిందే, ఒక్క చెయ్యి నా చేతిలోకొస్తే చాలు" అనేది దారి పొడుగునా.

ఇట్లా ఉండగా ఓబులమ్మ కోడలు తులిశమ్మకు సీమంతం వచ్చింది. అంతకుముందు రెండు కాన్పులు నిలవలేదు. అందుకే ఓబులమ్మకు నీడను చూసినా భయమే. పిందెను పూలతో అలంకరించి వాకిట్లో నిలబెట్టినారు. నాంచారి ఎప్పటిలాగే రాయి అవతల.

నిండు నెలలు కదా, తులిశమ్మ చేతులు వాచి ఉన్నాయి. ఒక ముత్తైదువ వచ్చి తొడిగింది. టప్‌మని చిట్లింది. రెండో ముత్తైదువ వచ్చింది. టప్. మూడో ఆమె నూనె రాసి మరీ తొడిగింది. టప్. సీమంతం గాజు చిట్లితే ఇంకేమన్నా ఉందా! పాట ఆగిపోయింది. ఓబులమ్మ మొహంలో నెత్తురు లేదు.

గాజు చిట్లిన చప్పుడు పిందె కూడా విన్నది. వెనక్కి తిరిగింది. మిగిలిన గాజులతో నాంచారి దగ్గరికి నడిచింది.

తులిశమ్మ పీట మీద నుంచి లేచింది.

"ఏమే, ఎక్కడికి?"

"గాజులు ఎటు పోతే అటు అత్తా."

"అక్కడ ఆ మనిషుందే!"

"ఉంటే ఉండనీ. మీ పుణ్యస్త్రీలు ముగ్గురు తొడిగితే ఏమైందో చూస్తిమి గదా."

ముందు పిందె, వెనక తులిశమ్మ, ఆ వెనక అత్త, ఆ వెనక ఊరు. పిందె వచ్చి నాంచారి అరచేతికి నుదురు ఆనించింది. తులిశమ్మ ఆ రాయి మీదే చతికిలబడి చెయ్యి చాపింది. నాంచారి వెనక్కి జరిగింది. "వద్దు తల్లీ. నీ కడుపు చల్లగుండాలి. నా చెయ్యి మంచిది కాదంటారు."

"అనేవాళ్ళు అననీ అక్కా. నాకు నడుం నొప్పిగా ఉంది, తొందరగా తొడుగు."

నాంచారి ఆ చెయ్యి పట్టుకుంది. కాసేపు ఊరికే పట్టుకుంది. తర్వాత బొటనవేలు లోపలికి మడిచి, మెల్లగా నిమురుతూ ఒక గాజు ఎక్కించింది. ఇంకోటి. ఇంకోటి. మోచేతి దాకా ఎక్కించింది. గలగలా గలగలా, ఒక్క గాజూ చిట్లలేదు.

ఊరంతా ఓబులమ్మ వైపు చూసింది. ఓబులమ్మ కర్ర పక్కన పడేసింది. కోడలి పక్కనే కూలబడి చెయ్యి చాపింది. "నా చెయ్యి కూడా వాచిందే పిల్లా, చూడు."

ఆమె చెయ్యేమీ వాయలేదు. అందరికీ తెలుసు. నాంచారి ఆ చేతికీ తొడిగింది.

తులిశమ్మకు ఆడపిల్ల పుట్టి ఊరు లేచిపోయేలా ఏడ్చింది. ఆ తర్వాత మూడు ఊళ్ళలో నాంచారి తొడగని చెయ్యి లేదు. పిందెకూ పిల్లలు పుట్టినాయి, వాటి మెడలోనూ గాజులే. చాలా ఏళ్ళకు ఒక తెల్లవారుజామున, మంచు ఇంకా లేవకముందే నాంచారి పోయింది. మూడు ఊళ్ళ ఆడవాళ్ళూ వచ్చినారు. ఒక్కొక్కరూ తమ చేతి గాజు ఒకటి తీసి ఆమెకు తొడిగినారు. బోడిచేతులతో పంపలేదు.

ఇప్పటికీ ఆ ఊళ్ళలో సీమంతం పీట ఇంట్లో వెయ్యరు. పొలిమేర రాయి దగ్గర వేస్తారు. మొదటి గాజు మొగుడు పోయిన మనిషి చేత్తోనే తొడిగిస్తారు. ఇక ఎవరింట్లోనైనా గాజు చిట్లితే అపశకునం అనరు. "బయట ఎవరో నిలబడున్నారు, లోపలికి పిలువు" అంటారు. ఇంటి కోడలు చేస్తున్న పని ఆపి, లేచి పోయి తలుపు తీస్తుంది.