ఖాళీ జాగాలో సభ

తిరువీధుల మాష్టారు నగర నిర్మాణం పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. ఆయన శిష్యులు కార్పొరేషన్‌లో పెద్ద పెద్ద కుర్చీల్లో ఉన్నా, చిక్కొస్తే ఇప్పటికీ ఆయన వరండాలోకే వచ్చి కూర్చుంటారు. ఆయనకొక అలవాటుంది. అడిగినదానికి జవాబు చెప్పరు. చెప్పులు వేసుకుని "పద" అంటారు.

ఒక ఉదయం ఫణీంద్ర అనే శిష్యుడు వచ్చాడు. గంగులపేట బజారును తిరగకట్టే పథకానికి అతనే ఇంజనీరు.

"గురువుగారూ, సగం నిధులు ఢిల్లీ ఇచ్చింది, సగం రాష్ట్రం ఇచ్చింది. ఖాళీ జాగాలో కింద కార్ల పార్కింగు, పైన అయిదంతస్తుల దుకాణాలు. ఎవరి పొట్టా కొట్టలేదు. అయినా అక్కడి జనం మొహాలు ఎందుకు ముడుచుకుంటున్నారు?"

"ఖాళీ జాగా అని ఎవరన్నారు?"

"నేనే స్వయంగా కొలిచానండీ. పుల్ల కూడా లేదు."

అతను కొలిచింది మంగళవారం. గంగులపేట బజారుకు మంగళవారం సెలవు. సోమవారం సాయంత్రమే అక్కడ గంపలు పెట్టుకుని అమ్ముకునే ఆడవాళ్లు నేల ఊడ్చి, నీళ్లు చల్లి, గంపలెత్తుకుని ఇళ్లకు పోతారు. వాళ్ల శుభ్రతే వాళ్ల కొంప ముంచింది. కాగితం మీద వాళ్లు లేరు. లేనివాళ్లకు కొత్త భవనంలో చోటెవరిస్తారు? మాష్టారు ఇవేవీ చెప్పలేదు. "శంకుస్థాపన ఇవాళే కదూ? పద" అని చెప్పులు వేసుకున్నారు.

ఆ రోజూ మంగళవారమే. కేంద్రంలో ఒక పార్టీ, రాష్ట్రంలో ఇంకో పార్టీ కావడంతో ఎవరి నాయకుడి బొమ్మ పెద్దదిగా ఉండాలన్న తగువు ఎడతెగక సాగి, చివరికి రెండు ఫ్లెక్సీలు, రెండు శిలాఫలకాలు నిలబడ్డాయి. జనం మాత్రం రెండు జట్లు దొరకలేదు. బిర్యానీ పొట్లాలు పెడతామని ఇద్దరూ పిలుచుకొచ్చింది ఆ బజారు ఆడవాళ్లనే.

వాళ్లు వచ్చి కూర్చున్నారు. అందరూ ఒక్కచోట కాదు. ఎవరు రోజూ ఎక్కడ గంప దించుతారో అక్కడే, మధ్యలో కొనేవాళ్లు నడిచే దారులు వదిలి మరీ. దగ్గరగా జరగమని కార్యకర్తలు గొంతు చించుకున్నారు. ఒక్కరూ కదల్లేదు. ఎండలో కూర్చున్న నూకాలమ్మ అనే ఆవిడను, వేదిక ముందు షామియానా నీడలో ఖాళీ ఉంది రమ్మని బతిమాలారు.

"అది అప్పలకొండ సోటు బాబూ. దాని సోట్లో నానెలా కూకుంటాను?" అంది ఆవిడ.

మంత్రిగారు వచ్చి, ఎదురుగా ఉన్న ఆ ఖాళీ చూసి, "ఇంకెవరన్నా పెద్దలు రావాలా?" అని మైకులో అడిగారు.

"అప్పలకొండ రావాలండి! కూతురి పురిటికి ఎల్లింది" అన్నాయి నాలుగు గొంతులు. సభంతా గొల్లుమంది. మంత్రిగారూ నవ్వి, "ఇంత తీరుగా దారులు వదిలి కూర్చోబెట్టిన ఇంజనీరెవరయ్యా?" అన్నారు. అందరూ ఫణీంద్ర వైపు చూశారు.

ఫణీంద్ర వేదిక మీదినుంచి అప్పటికే చూస్తున్నాడు. కూరల వరస, చేపల వరస, పూలవాళ్ల మూల, బజారంతా మనుషులతో గీసినట్టు కళ్లముందుంది. పాపం, అతని చెవులు ఎర్రబడ్డాయి. ఊరికే తలూపితే మెచ్చుకోలు దక్కేది. అతను మైకు అందుకున్నాడు.

"కూర్చోబెట్టింది నేను కాదండీ. ఇది ఖాళీ జాగా అని రాసింది మాత్రం నేనే. తప్పు రాశాను."

ఉద్యోగం మీద ఆశ వదులుకునే అన్నాడు. మంత్రిగారు కింద కూర్చున్న ఓట్లను ఒకసారి కలయజూశారు. "కార్లు పైకెక్కగలవు, గంపలతో మా అక్కచెల్లెళ్లు ఎక్కలేరు. కింది అంతస్తు వీళ్లదే!" అని ప్రకటించారు. ఆ ఆలోచన తమదేనన్నట్టు అవతలి పార్టీవాళ్లు అంతకంటే గట్టిగా చప్పట్లు కొట్టారు. నూకాలమ్మ కళ్లొత్తుకుని, నవ్వుతూ బిర్యానీ పొట్లం విప్పింది. ఈ సంగతి చెప్పినప్పుడల్లా నాకు భలే సంతోషంగా ఉంటుంది.

ఫణీంద్ర వేదిక దిగి మాష్టారి దగ్గరికి పరుగున వచ్చాడు. "గురువుగారూ, కొత్త ప్లాను రేపే గీసేస్తాను!"

మాష్టారు వేదిక ముందున్న ఆ ఖాళీ వైపు చూశారు.

"అప్పలకొండను రానీ" అన్నారు.