గున్నమ్మ చేసిన పిరంగిబండి

అనగనగా సముద్రం పక్కన, రాళ్ళ రేవున్న ఒక ఊళ్ళో గున్నమ్మ అని ఒకామె ఉండేది. పడవలు చేసేది. కొడుకుల్లేని తండ్రి ఉలీ బాడిసా ఆమె చేతికే ఇచ్చి పోయాడు. ఆమె అతికిన చెక్కల మధ్య నీటిబొట్టు దూరేది కాదు. ఆ పడవల్లోనే ఆమె మొగుడు కూర్మయ్య వేటకు వెళ్ళేవాడు.

ఆ ఊళ్ళో ఒక ఇత్తడి పిరంగి ఉండేది, బంగారూ. మేకపిల్లంత. దానికి గుండ్లు లేవు, యుద్ధాలు తెలీవు. బిందెలు చేసే కంచరి తాత సరదాకి పోతపోసుకున్నాడు. పండక్కి గుప్పెడు తుపాకిమందు కూరి, వత్తి అంటించి, చెవులు మూసుకున్న పిల్లల్ని చూసి నవ్వుకునేవాడు.

ఒక ఏడు మాఘమాసంలో పొద్దున్నే మంచు పట్టేసింది. రేవుకి రెండు పక్కలా రాళ్ళు, మధ్యన సన్నని దారి. పడవలకి ఏమీ కనబడలేదు. అప్పుడు తాత పిరంగి పేల్చాడు. ఆ చప్పుడు పట్టుకుని పడవలన్నీ ఒడ్డుకొచ్చాయి.

ఆ తర్వాత అదే ఊరి ఆనవాయితీ అయింది. మంచు పడితే మూడుసార్లు పేల్చాలి. మొదటి చప్పుడుకి పడవ తిప్పుకోవాలి. రెండోదానికి దారి పోల్చుకోవాలి. మూడోదానికి లోపలికి వచ్చెయ్యాలి.

కొన్నాళ్ళకి ఉప్పుగాలికి పిరంగి కింద బండి పుచ్చిపోయింది. తాత వచ్చి గున్నమ్మ అరుగు మీద కూర్చున్నాడు. మంచు రోజులు రాకముందే కొత్తది చేసిపెట్టమన్నాడు.

అప్పుడు గున్నమ్మ మామిడిచెక్కతో చేసింది. పక్కచెక్కలు రెండు, ఇరుసులు రెండు, చక్రాలు నాలుగు. పడవకి బిగించినట్టే అన్నీ బిగించింది. బండి ఎటన్నా పోతుందేమోనని చక్రాల వెనక రాళ్ళు పెట్టింది. తాత పేల్చి చూశాడు. పక్కచెక్క నిలువునా చీలింది.

ఆ తర్వాత తుమ్మచెక్కతో చేసింది. ఇంకా బిగించింది. ఇంకా పెద్ద రాళ్ళు పెట్టింది. చెక్క నిలబడింది గానీ ఇరుసు విరిగింది.

కూర్మయ్య వల బాగుచేసుకుంటూ నవ్వాడు.

"దాన్ని కాస్త వెనక్కి పోనియ్యవే గున్నా. మొగుణ్ణే గుమ్మం దాటనివ్వవు, పిరంగిని కదలనిస్తావా."

ఎగతాళి అనుకుంది. ఉలి నూరుకుంటూ కూర్చుంది.

మూడోసారికి ఊళ్ళో మంచి చెక్క దొరకలేదు. అప్పుడు ఇంటి తలుపు ఊడదీసింది. తండ్రి చేసిన టేకు తలుపు. దాన్ని కోసి బండి చేసింది. చక్రం ఎద్దు లాగినా తిరగనంత బిగువు. పేల్చి చూద్దామంటే మందు చెమ్మగిల్లి ఉంది. ఆరబెట్టి రేపు చూద్దామన్నాడు తాత.

ఆ మర్నాడే మంచు దిగింది. మూడు పడవలు అప్పటికే సముద్రం మీద ఉన్నాయి. ఒకటి కూర్మయ్యది.

ఊరంతా ఒడ్డుకొచ్చింది. గున్నమ్మ తన చేత్తోనే రాళ్ళు పెట్టింది. ఒక్కో చక్రానికి రెండేసి. తాత వత్తి అంటించాడు.

పేలింది. వెనక్కి పోదామంటే రాళ్ళు పోనివ్వలేదు. అప్పుడు పిరంగి పైకెగిరింది. రెండు ఇరుసులూ విరిగి, మూతి ఇసుకలో కూరుకుని పడింది. గొట్టం నిండా తడి ఇసుక. అలాగే పేలిస్తే ఇక్కడ మనుషులు పోతారన్నాడు తాత. గున్నమ్మ వేళ్ళతో తవ్వింది. గోళ్ళు విరిగేదాకా తవ్వింది. ఊరు కేకలు పెట్టింది, పళ్ళేలు మోగించింది. అలల హోరులో అవేవీ వినబడలేదు.

ఒక పడవ వచ్చింది. ఆ తర్వాత రెండోది వచ్చింది. ఆ తర్వాత మంచు విడిపోయి ఎండ వచ్చింది.

రెండో పడవ నడిపిన దానయ్య గున్నమ్మ ముందు తలెత్తలేదు. కూర్మయ్య పడవ తమ పక్కనే ఉందట. కనబడలేదు గానీ మాట వినిపించిందట. తాము తెగించి వచ్చేస్తూ, మీరూ వచ్చెయ్యండని కేకేశారట.

"దానికేమన్నాడు?" అంది గున్నమ్మ.

దానయ్య ఉన్నదున్నట్టు చెప్పాడు.

"ఆగండ్రా, రెండోది పేలుతుంది, అన్నాడమ్మా. బండి నా పెళ్ళాం చేసింది, అన్నాడు."

మూడు రోజులు వెతికారు. మూడో రోజు రాళ్ళ దగ్గర పడవ ముక్క ఒకటి దొరికింది. చెక్క విరిగింది. గున్నమ్మ వేసిన అతుకు మాత్రం ఊడలేదు.

ఆ తర్వాత ఆమె ఆ టేకు బండినే మళ్ళీ ఒళ్ళోకి తీసుకుంది. కొత్త ఇరుసులు వేసింది. చక్రాల రంధ్రాలు ఉలితో వదులు చేసింది. రాళ్ళు పెట్టలేదు. తాత పేల్చాడు. బండి రెండు బారలు వెనక్కి దొర్లి, ఊపిరి పీల్చుకున్నట్టు ఆగింది. ఎక్కడా బీట వారలేదు.

గున్నమ్మ ఇసుకలో ఆ చక్రాల గాడి చూస్తూ కూలబడింది. అంతే కావలసింది దానికి. రెండు బారల చోటు.

ఇప్పటికీ ఆ ఊళ్ళో మంచు పడితే మూడుసార్లు పేలుస్తారు. పడవలన్నీ వచ్చేస్తాయి. అందరూ చేపలు దించుకుని ఇళ్ళకి పోయాక, గున్నమ్మ ఇంకో గుప్పెడు మందు కూరి నాలుగోది పేలుస్తుంది. వద్దని ఎవరూ అనరు. ఆ ఇంటికి మళ్ళీ తలుపూ పెట్టలేదు. ఎవరన్నా అడిగితే, ఎందుకూ, వచ్చేవాడు తట్టాలా, అంటుంది.

వచ్చిన పడవ ఒడ్డుకి,
రాని పడవ మున్నీటికి,
బండేమో వెనక్కి, పొగేమో పైకి,
కథేమో కంచికి, నీ కళ్ళేమో నిద్దరకి.