మూడో మాట దగ్గర

నాగుల్‌మీరాకు ఓపిక నశించింది. హుస్సేనప్ప స్వామి దగ్గర చేరి డెబ్బై తత్వాలు నోటికి పట్టిన మొనగాడు, పరుపులు కుట్టుకునే దస్తగిరమ్మకు ఒక్క తత్వం నేర్పలేకపోయాడంటే తలకొట్టేసినట్టు ఉండదా మరి? ఎనిమిది రోజులయింది. రోజూ తత్వమంతా పాడి వినిపిస్తాడు. ఆమె నోరు తెరిచి మూడో మాట తప్పగానే "ఆపు, మళ్ళీ మొదట్నుంచి" అంటాడు. అంతే, పాఠం అక్కడే.

"ఇవాళ వస్తే ఇంక రావద్దని చెప్పేస్తా స్వామీ. అరవై ఏళ్ల బుర్ర. ఎక్కదు."



ఆ విసుగు చాలదన్నట్టు ఫోనొకటి. స్వామి పాత ఫోనుకు చార్జర్ గుచ్చే చోటు పాడైందని, వైరు అక్కర్లేని చార్జర్ కొనుక్కొచ్చాడు మీరా. ఈ ఫోనుకు పనికొస్తుందా అని అడిగి మరీ తెచ్చాడు. బిళ్ల మీద ఫోను పెడితే చాలు. తన కొత్త ఫోను గంటన్నరలో నిండుతుంది. ఇదేమో పొద్దున్నించీ నత్తనడక. మీరా ఊరుకుంటాడా? నిమిషానికోసారి ఎత్తి చూడటం, గొణుక్కోవటం, మళ్ళీ పెట్టటం.

"ఇంకా పెద్ద చార్జర్ తెస్తే?" అన్నారు స్వామి.

"తెచ్చినా ఇంతే స్వామీ. పాతది కదా, ఎంత పుచ్చుకోగలదో అంతే పుచ్చుకుంటుంది. నా ఖర్మ," అంటూ మళ్ళీ చెయ్యి చాపాడు.

స్వామి ఆ చెయ్యి పట్టుకున్నారు.

"ఎక్కిందో లేదో చూస్తా స్వామీ."

"ఎత్తినప్పుడు ఎక్కుతుందా?"

"ఎత్తితే ఎలా ఎక్కుతుంది? ఆగిపోతుంది."

స్వామి చెయ్యి వదల్లేదు.

అంతలో దస్తగిరమ్మ వచ్చి చాప అంచున కూచుంది. కొంగుకు ఇంకా దూది అంటుకునే ఉంది. చివరిసారి తప్పు పాడనీ, అప్పుడే చెప్పేద్దాం అనుకున్నాడు మీరా.

"పాడమ్మా," అన్నారు స్వామి.

మూడో మాట తప్పింది. మీరా నోరు తెరిచాడు. స్వామి పట్టు బిగిసింది. మూసుకున్నాడు.

అలవాటు కొద్దీ ఆమే ఆగి, తిట్టు కోసం మీరా మొహంలోకి చూసింది. తిట్టు రాలేదు. గొంతు సవరించుకుని, ఆ మాట తనే దిద్దుకుని ముందుకు పోయింది. మొదటి చరణం అయింది, రెండోది అయింది. తడుముకుంటూనే నాలుగు చరణాలూ పాడేసింది.

"తప్పులుంటే చెప్పు నాయనా," అంది భయంభయంగా.

మీరా బిళ్ల మీది ఫోను వంక చూశాడు.

"రేపు కాస్త పెందలాడే రా అమ్మా," అన్నాడు.

అప్పుడు వదిలారు స్వామి ఆ చేతిని.