పారమ్మ వడియాలు పెట్టిన రోజు

అనగనగా అంటే ఎప్పుడని నన్నడక్కండి. మా తాత తాతకి పాలపళ్లయినా రాని రోజులు. తూర్పు కొండల కింద దిగువూరు అని ఒక పల్లె ఉండేది. పల్లె పక్కనే గెడ్డ. వానాకాలం అది ఉరికే వాగు, ఎండాకాలం ఒట్టి ఇసక.

ఆ ఊళ్లో పారమ్మ అని ఒక ముసలావిడ. ఇల్లు చిన్నది, నోరు పెద్దది, పళ్లు మూడు. ఆవిడకి ఒకటే కోరిక. ఆ మూడూ ఊడిపోయేలోగా తన చేత్తో పెట్టిన గుమ్మడి వడియం ఒక్కటి కరకరా నమలాలి.

అదీ ఒక కోరికేనా అంటారు. వినండి మరి.

వడియాలకి మాడ్చే ఎండ కావాలి కదా. పారమ్మ తెల్లారే లేచి చూసేది. ఆకు కదలకూడదు, ఒళ్లంతా జిడ్డుగా చెమట పట్టాలి, పొద్దు పొడుస్తూనే వీపు చుర్రుమనాలి. అలాంటి రోజు చూసి, నులకమంచం వాల్చి, తడిగుడ్డ పరిచి వడియాలు పెట్టేది. అలా ఉక్కపోసిన రోజే సాయంత్రానికి కొండ మీద మబ్బు లేస్తుందని ఆవిడకి తెలీదు. ఊరికీ తెలీదు. ఉరుము, మెరుపు, వాన. వడియాలన్నీ జావ.

ఒక ఏడు పెట్టింది. వాన. ఒక పన్ను ఊడింది. మరుసటేడు పెట్టింది. వాన. ఇంకో పన్ను ఊడింది. మూడో ఏటికి ఊరంతా తేల్చేసింది, వానని తెచ్చేది పారమ్మ వడియాలేనని.

ఇక ఆవిడ మంచం వాలిస్తే చాలు, చింతపండు ఆరబోసినవాళ్లు పరుగు, నువ్వులు ఆరబోసినవాళ్లు పరుగు, మామిడితాండ్ర వేసినవాళ్లు పరుగు. ఆవిణ్ణి తిట్టుకుంటూనే అన్నీ లోపల పెట్టుకునేవాళ్లు. ఎవరి సరుకూ తడిసేది కాదు, పారమ్మది తప్ప.

ఆ ఏడు మునసబు రామినాయుడు కూతురికి పెళ్లి కుదిరింది. ఆ ఊళ్లో వేసవి పెళ్లిళ్లన్నీ గెడ్డలోనే. కూర్చోడానికి మెత్తటి ఇసక, చెలమ తవ్వితే చల్లటి నీళ్లు. పందిరి వేయించి, మునసబు తిన్నగా పారమ్మ దగ్గరికొచ్చాడు.

"అప్పా, పెళ్లినాడు వడియాలు పెట్టకు. పెట్టినావంటే ఊళ్లో ఉండనివ్వను."

"నానెందుకు పెడతాను తమ్ముడూ!"

మునసబు నమ్మలేదు. పెళ్లినాడు ఆవిడ వాకిట్లో కర్రిచ్చి ఒకణ్ణి కాపలా పెట్టాడు.

ఆ రోజు తెల్లారింది. ఆకు కదల్లేదు. వీపు చుర్రుమంది. ఉన్న ఒక్క పన్నూ ఊగుతోంది. గుమ్మడికాయ తొడిమ దగ్గర కుళ్లుతుంటే ముందురోజే కోసేసింది, పప్పు రుబ్బేసింది. ఇవాళ పెట్టకపోతే ఈ జన్మకి ఇంకేం పెడతానులే అనుకుంది. పిండిగిన్నె కొంగు కింద దాచుకుని, పెరటి దారిన గెడ్డ గట్టుకి చేరింది. అక్కణ్ణుంచి చెయ్యి చాస్తే పందిరి కప్పు అందుతుంది. తాటాకుల మీద గుడ్డ పరిచి వడియాలు పెట్టేసింది. పందిరి పైకి ఎవరు చూస్తారు?

కాకి చూసింది.

మధ్యాహ్నం ముహూర్తం దగ్గరపడింది. కాకి ఒక వడియం ముక్కున కరుచుకుని ఎగిరింది. కారం తగిలిందేమో, వదిలేసింది. అది వచ్చి పందిరి బయట నిలబడ్డ మునసబు తలపాగా మీద పడింది. రెట్ట అనుకుని తడిమాడు. వాసన చూశాడు. ఇంగువ! నాలిక కొసకి ఆనించాడు. కళ్లు పెద్దవయ్యాయి.

"వడియం! పారమ్మప్ప పెట్టేసింది!"

అంతే. వంటవాళ్లు గుండిగలతో, పురోహితుడు కొబ్బరికాయలతో, పెళ్లికూతురు పీటతో సహా గట్టెక్కేశారు. మగపెళ్లివారికి ఏమీ అర్థం కాలేదు. అందరూ పరుగెత్తారని వాళ్లూ పరుగెత్తారు.

పైకొచ్చి చూస్తే నెత్తి మీద ఒక్క మబ్బు లేదు. ఫెళ్లున ఎండ.

"వడియానికి జడిసే ఇంటితో మాకు వియ్యమా!" అని పెళ్లికొడుకు తండ్రి గంతులేశాడు.

మునసబుకి తల కొట్టేసినట్టయింది. చేతిలో వడియాన్ని తలపాగా మడతలో దోపుకుని, గట్టు మీదే ఉన్న పారమ్మ వైపు తిరిగాడు. "నా పరువు తీసినావు అప్పా. రేపే ఊరు వదిలి పో" అన్నాడు.

"ఎండ బాగుందని పెట్టినాను తమ్ముడూ, నాకేటి తెలుసు!" అని పారమ్మ ఏడ్చింది. పాపం, ఆ వయసులో ఎక్కడికి పోతుంది?

పెళ్లికొడుకు తండ్రి విసురుగా గెడ్డలోకి ఒక కాలు దించాడు. ఎక్కడో హోరు వినిపించింది. అందరూ నెత్తి మీదే చూశారు గాని కొండవైపు ఎవరూ చూడలేదు. అక్కడ మబ్బు నల్లగా పట్టేసి ఎప్పుడో కురిసేసింది. మనిషెత్తు ఎర్రనీళ్లు వచ్చి పందిరిని ఊడ్చుకుపోయాయి. గట్టు మీద మాత్రం ఎండ కాస్తూనే ఉంది.

ఆయన కాలు వెనక్కి తీసుకున్నాడు. వచ్చి పారమ్మ కాళ్ల మీద పడ్డాడు. పారమ్మ ఇంకా ఏడుస్తూనే ఉంది.

"నా వడియాలన్నీ పోనాయి!"

అప్పుడు మునసబుకి తలపాగా గుర్తొచ్చింది. తీసి చూస్తే, ఆ ఎండకి వడియం గలగలా ఎండిపోయి ఉంది. అక్కడే పొయ్యి వెలిగించి, ఆ ఒక్కటీ వేయించి ఇచ్చాడు. పారమ్మ దాన్ని ఉన్న ఒక్క పన్ను కింద పెట్టి కొరికింది. కరుక్కుమంది. పన్ను కూడా దాంతోపాటే ఊడొచ్చింది.

"పోతే పోనీ," అంది బోసినవ్వుతో. "బాగా కుదిరింది. ఉప్పే కొంచెం తక్కువ."

పారమ్మ పోయి ఎన్ని తరాలైందో. ఇప్పటికీ ఆ వైపు ఎండాకాలం గెడ్డలో పందిరి వెయ్యరు. నెత్తి మీద ఎంత ఎండున్నా ముందు కొండవైపు చూస్తారు. ఆకు కదలని పొద్దున ఎవరైనా మంచం వాలిస్తే, "పారమ్మ వచ్చిందర్రా, సర్దండి!" అని కేకేస్తారు. పెళ్లి భోజనాల్లో వడియం అందరి ఆకుల్లోకీ వచ్చేదాకా ఆగి, ఆవిడకి వినబడాలని ఒక్కసారే కొరుకుతారు. ఆపైన పంక్తిలో పెద్దవాళ్లు, "ఉప్పు కొంచెం తక్కువ" అంటారు.

ఉప్పు సరిపోయినా సరే, అనాల్సిందే.