దూది కంచం

మొదట్లో చారెడు అనే ఉడుతకి ఉన్న ఆస్తి మొత్తం పదకొండు వేరుశెనక్కాయలు. కొబ్బరిచెట్టు తొర్రలో అవి ఓ మూలకి ఒదిగి ఉంటే, మిగతా తొర్రంతా బోసిపోయి కనిపించేది. వానలు దగ్గరపడుతున్నాయి. రోజుకొకటి తింటే ఎన్నాళ్ళు, అరకాయ తింటే ఎన్నాళ్ళు అని వాడు తోకూపుకుంటూ లెక్కలు వేసేవాడు. ఎలా వేసినా వానలే గెలిచేవి.

ఆ చెట్టు కిందే రెండు కుందేళ్ళ పంజరాలు ఉండేవి. ఒకదాంట్లో తెల్లటి దూది, రెండోదాంట్లో బూడిదరంగు బూడిదయ్య. మధ్యలో వల ఒక్కటే అడ్డం. పెరటి చివర పాకలో గేదె పోలమ్మ. అందరికీ మేత పెట్టేది ఆ ఇంటి పిల్ల రేణుక.

ఓ పొద్దున్నే రేణుక దూదిని బుట్టలో పెట్టుకుని పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. రెండు కుందేళ్ళనీ ఒకే పంజరంలో ఉంచాలంటే, పిల్లలు పుట్టకుండా ముందు దూదికి ఆపరేషన్ చేయించాలట. సాయంత్రం తిరిగొచ్చేసరికి దూది పొట్ట మీద బొచ్చు గొరిగేసి ఉంది. ఆ నున్నటి చోట కుట్లు కనిపిస్తున్నాయి. రేణుక పంజరంలో పాత నూలుచీర మెత్తగా మడతపెట్టి పరిచింది. డాక్టరు చెప్పిందంతా వాళ్ళమ్మకి అప్పజెబుతుంటే, కొబ్బరిమట్ట మీంచి చారెడు చెవులు రిక్కించాడు.

"కుందేలు పొట్ట ఖాళీగా ఉండకూడదటమ్మా, పేగులు కదలడం మానేస్తాయట. నొప్పెట్టినా అరవదట, ఊరికే కూర్చుంటుందట. అందుకని కంచం చూసుకో, పెంటికలు చూసుకో అన్నారు. తినకపోతే ఆలోచించకుండా బుట్టలో వేసుకుని వచ్చెయ్యమన్నారు."

కంచం నిండా కొత్తిమీర, క్యారెట్టు ముక్కలు, దాణా గుళికలు పెట్టి రేణుక వెళ్ళిపోయింది. దూది అటు చూడనైనా లేదు. చారెడు మాత్రం చూశాడు, చూస్తూనే ఉన్నాడు. చివరికి చెట్టు దిగి వల కంతలోంచి తల దూర్చాడు.

"దూదక్కా, తినవేం?"

"సయించట్లేదు తమ్ముడూ. పొట్టలో ఎవరో ముడి వేసి లాగుతున్నట్టుంది."

"తినకపోతే మళ్ళీ బుట్టేనట."

ఆ మాటకి దూది చెవులు వీపుకి అతుక్కుపోయాయి. "వద్దు! ఆ బుట్ట ఎక్కను. అక్కడ కుక్కల వాసన, సూదులు. చుట్టూ ఎవరెవరివో ఏడుపులు. చచ్చిపోయినా సరే, మళ్ళీ అక్కడికి మాత్రం పోను." మళ్ళీ తనే, "కంచం ఖాళీగా ఉంటే బుట్ట రాదుగా?" అంది.

"రాదు."

"అయితే నువ్వు తినెయ్యరా. ఎవరికీ చెప్పకు. నా బంగారు తమ్ముడివి కదూ!"

చారెడు బుర్ర గిర్రున తిరిగింది. అక్కకి బుట్ట తప్పుతుంది, తనకి తొర్ర నిండుతుంది. ఇద్దరికీ లాభమే, ఎవరికీ నష్టం లేదు. ఇంత చక్కటి లెక్క వాడికెప్పుడూ తగల్లేదు.

"నీ కోసమే అక్కా," అంటూ దాణా గుళికలు బుగ్గల్లో కుక్కుకున్నాడు. నిజంగా ఆమె కోసమేనని వాడూ నమ్మాడు.

తెల్లారి రేణుక ఖాళీ కంచం చూసి ఎగిరి గంతేసింది. "మా దూదే! మొత్తం తినేసింది!" అంటూ తల నిమిరి, ఇంకాస్త ఎక్కువ పెట్టింది. అంతలో పంజరం కింది రేకు చూసి మొహం చిట్లించింది. "మరి ఒక్క పెంటికా లేదేంటి?" అనుకుంటూ బడికి వెళ్ళింది.

ఈ సంగతి చారెడు లెక్కలోకి రానేలేదు. అయినా వాడు ఆగే రకమా? నేరుగా బూడిదయ్య పంజరం కిందికి దూరి, రేకులోంచి పెంటికలు ఏరడం మొదలెట్టాడు.

"ఒరేయ్, ఒరేయ్! ఏం పనిరా అది?" బూడిదయ్య కళ్ళింత చేశాడు. "నీ తొర్రకి ఇది కూడా కరువైందా?"

"తొర్రకి కాదు బావా, వైద్యానికి. నీ వాసన పక్కనుంటే అక్కకి ధైర్యంగా ఉంటుందట."

బూడిదయ్య మీసాలు కదిలాయి. "నా వాసనా? డాక్టరు అన్నాడా?"

"ఆయన కాకపోతే ఎవరంటారు?"

"అయితే కొన్నేం, అన్నీ పట్టుకుపో!" అన్నాడు బూడిదయ్య. సిగ్గుపడి గోడవైపు తిరిగి, "బూడిదయ్య పంపాడని చెప్పు," అని మెల్లిగా కలిపాడు.

చారెడు ఆ పెంటికల్ని దూది రేకులో చల్లి, బూడిదయ్య మాట కూడా చెప్పాడు. దూది విని కళ్ళు మూసుకుంది, అంతే.

అలా వాడి తొర్ర నిండుతూ వచ్చింది. కొత్తిమీర ఓ పక్క, క్యారెట్టు ఇంకో పక్క, గుళికలు కుప్పగా. మూడోనాడు పొద్దున్న పాక మీదుగా పరిగెడుతుంటే పోలమ్మ పిలిచింది.

"ఒరే చారెడూ, ఆ పిల్ల తింటోందంటావా?"

"కంచం నాకేస్తోంది అత్తా."

"మరి నమిలే చప్పుడు వినబడదేంరా?"

"నువ్వు నెమరేస్తుంటే పిడుగు పడినా వినబడదు. ఇక అక్క నమలడం వినబడుతుందా?"

పోలమ్మ నవ్వింది గానీ నెమరు ఆపేసింది. దవడ బిగబట్టి పంజరం వైపు చెవి పెట్టింది. "ఇప్పుడు ఆపాను కదా, వినబడుతోంది. నములుతున్న చప్పుడు కాదది. పళ్ళు కొరుకుతున్న చప్పుడు. నొప్పికి కొరుకుతోందిరా."

చారెడు ఒక్క ఉదుటున కిందికి దూకాడు. దూది మూలకి ముడుచుకుని ఉంది. చెవి తాకితే చల్లగా తగిలింది.

"అక్కా, ఓ ఆకు కొరుకు. ఒక్కటంటే ఒక్కటి."

"నిద్రొస్తోంది తమ్ముడూ. నువ్వు తినెయ్, బుట్ట రాకుండా చూడు," అంది దూది. ఆ మాట సగమే బయటికొచ్చింది.

వాడు ఇంటి గుమ్మం దాకా పరిగెత్తి కిచకిచమని గొంతు చించుకున్నాడు. "ఉడుత గోల ఎక్కువైంది ఇవాళ," అని రేణుకవాళ్ళమ్మ చీపురు ఆడించింది. ఉడుత మాట మనుషులకి తెలియదు, కుందేలు మాటా తెలియదు. ఆ ఇంట్లోవాళ్ళకి అర్థమయ్యేవి రెండే: కంచం, రేకు. ఆ రెండింటి చేతా అబద్ధం చెప్పించింది తనే.

చారెడు వెనక్కి పరిగెత్తాడు. తొర్రలోంచి వాడిపోయిన కొత్తిమీర తెచ్చి కంచంలో పడేశాడు. ఎండిన క్యారెట్టు ముక్కలు తెచ్చాడు. గుళికలు తెచ్చాడు. దూది రేకులో తాను వేసిన పెంటికలన్నీ నేల మీదికి నెట్టేశాడు.

"అదేంటి? అవి నేను పంపినవి కదా!" అన్నాడు బూడిదయ్య.

"బావా, డాక్టరు అలా అనలేదు. అక్క ఏమీ తినలేదు. తిన్నదంతా... దాచిందంతా నేనే. పెంటికలు లేవని రేణుకకి తెలియకుండా నీవి తీసుకెళ్ళాను."

బూడిదయ్య తిడతాడనుకున్నాడు చారెడు. బావ తిట్టలేదు. వలకి మూతి ఆనించి దూదినే చూస్తూ ఉండిపోయాడు.

కంచం నిండింది. అయినా చారెడుకి భయం తీరలేదు. వాడిన ఆకులు చూసి, పాతవి మిగిలాయనుకుని రేణుక పారబోసి పోతే? అప్పుడు తొర్రలో మిగిలిన తన పదకొండు వేరుశెనక్కాయలు కూడా తెచ్చి ఆకుల మీద పేర్చాడు.

బడి నుంచి వచ్చిన రేణుక పంజరం ముందు ఆగిపోయింది. "ఈ వేరుశెనక్కాయలు నేను పెట్టలేదే," అంది. వాడిన ఆకుల్ని వేలితో కదిపింది. నిన్నటివి ఉన్నాయి, మొన్నటివి ఉన్నాయి. తలెత్తితే వల పట్టుకుని ఉడుత. మనిషి అంత దగ్గరగా ఉన్నా వాడు పారిపోలేదు. రేణుక ఖాళీ రేకు చూసింది, దూది చెవులు పట్టుకుని చూసింది.

"అమ్మా! బుట్ట తే! దూది అసలు తినలేదమ్మా!"

బుట్ట మూత పడుతుంటే దూది చారెడు వైపు చూసింది. బుట్ట రాదన్నావు కదా అన్నట్టుంది ఆ చూపు.

మర్నాడు సాయంత్రం ఆ బుట్ట తిరిగొచ్చింది. దూది బతికే ఉంది, సగమైపోయి ఉంది. పలచగా కలిపిన మేతని రేణుక సూది లేని సిరంజితో నోట్లో పోసింది. "ఇది మనం పోస్తే తాగడం. తనంతట తాను కొరికితేనే గండం గడిచినట్టట," అని తల్లితో చెప్పి, ఓ కొత్తిమీర రెమ్మ కంచంలో పెట్టి వెళ్ళింది.

రెమ్మ అలాగే ఉంది. చారెడు వల దగ్గర నిలబడ్డాడు, లోపలికి దూరే ధైర్యం లేక.

"తప్పయిపోయిందక్కా."

"అడిగింది నేనేరా," అంది దూది. "ఒంట్లో బాగోలేనిదాన్ని ఏదో అడుగుతాను. నువ్వు బాగానే ఉన్నావు కదా తమ్ముడూ, కాదనాల్సింది."

బూడిదయ్య చారెడుని చూసి మొహం తిప్పేసుకున్నాడు. వల పక్కనే దూది వీపుకి తన వీపు ఆనించి పడుకున్నాడు, కళ్ళు కూడా తెరవలేదు. పాకలోంచి పోలమ్మే అంది: "జబ్బుపడ్డవాళ్ళ మనసుకి నచ్చేది చేసి మంచివాణ్ణనుకోకురా, వాళ్ళని నిలబెట్టేది చేసి చెడ్డవాడివైనా ఫరవాలేదు."

చెట్టు మీద తొర్ర ఖాళీ. ఆకాశం మబ్బేసింది. చారెడు పైకి చూడలేదు. కొత్తిమీర రెమ్మని ఆమె మూతి దగ్గర పట్టుకోవాలి. ఆమె వద్దన్నా, తిట్టినా, కొరికేదాకా అలాగే పట్టుకోవాలి. వాడు వల కంతలోంచి మొదటి కాలు లోపలికి పెట్టాడు.