ఎద్దు కదపని కాలు

ఈ కథ నేనొకసారి మిట్టమధ్యాహ్నం చెబితే, ముగింపు వినిపోదామని సూర్యుడు గడియసేపు నెత్తిమీదే నిలబడిపోయాడు. నమ్మకపోతే ఆ రోజు నాతోపాటు ఎండలో మాడినవాళ్ళను అడగండి.

రాళ్ళబీడు అని పెద్ద గడ్డి మైదానం. చూపు ఆనినంత మేరా ఒక్క చెట్టు లేదు. కాకి వాలాలన్నా ఎద్దు కొమ్మే దిక్కు. ఒకప్పుడు అక్కడ బట్టమేక పక్షులు ఎన్ని ఉండేవంటే, అన్నీ ఒక్కసారి రెక్క విప్పితే కిందున్న గొర్రెలు పొద్దుగూకిందనుకొని ఇంటిదారి పట్టేవి. బట్టమేక అంటే పిచ్చుక లాంటిది అనుకునేరు! మెడ సాచి నిలబడితే మనిషి నడుం దాటుతుంది. నడిస్తే జమీందారు వీధిలోకి వచ్చినట్టుంటుంది. మనుషులు బీళ్ళు దున్ని, కరెంటు తీగలు లాగి, తుపాకులు పేల్చి ఆ జాతినంతా ఊడ్చేశారు. చివరికి ఆ బీడులో ఒకే ఒక్క ఆడపక్షి మిగిలింది. జోడు పక్షి కరెంటు తీగకు తగిలి చచ్చిన కొద్దిరోజులకే, అది ఆ ఏడు ఒకే ఒక్క గుడ్డు పెట్టింది, గూడూ గీడూ లేకుండా ఉత్త నేలమీద. ఆ గుడ్డు పోతే రాళ్ళబీడులో ఇక బట్టమేక అన్న మాటే ఉండదు.

ఈ కబురు నక్క చెవిన పడింది. మొహానికింత దుమ్ము పూసుకొని, ఏడుపు గొంతుతో దిగబడింది.

"అక్కా! నీ జాతికొచ్చిన కష్టం తలుచుకుంటే నాకు ముద్ద దిగడంల్యా."

"ముద్ద దొరక్క దిగలేదేమో," అంది పక్కనున్న తీతువు పిట్ట. మిడత తుమ్మినా బీడంతా మేలుకొనేట్టు అరిచే రకం అది.

నక్క వినపడనట్టే ఉండిపోయింది. "గుడ్డుకు కావలి పెట్టాలక్కా. సంఘం కట్టినా. జింకలు చుట్టూ నిలబడతాయి, తీతువు కేకేస్తాది. అధ్యక్షుణ్ణి నేనే. గుడ్డు యాడుందో చెప్పు, చాలు."

బట్టమేక ఇరుకున పడింది. చెబితే గుడ్డు పోతుంది. చెప్పకపోతే నక్క బీడంతా మూతి పెట్టి వెతుకుతుంది.

తీతువు మధ్యలో దూరింది. "చెప్పేదేముందప్పా! రేపు జింకలు యాడ నిలబడితే గుడ్డు ఆడనే."

నక్క తోకూపుకుంటూ పోయింది. బట్టమేక తీతువు మీదికి లేచింది. "ఎంత పని చేస్తివే! జింకల్ని చూపించి గుడ్డు వాడి నోట్లో పెడతావా?"

"జింకలు నిలబడేది ఆ మిట్ట మీద గుడ్డులాంటి రాయి ఉందే, దాని చుట్టూ అక్కా. నువ్వు ఆ రాయి మీద కూచో. గుడ్డు ఉన్నచోటే ఉంటాది."

"ఈ ఎండకు నేను లేస్తే గుడ్డు ఉడికిపోదా? దానికి నీడ ఎవరిస్తారు?"

ఇద్దరూ ఒకేసారి, అక్కడ మేస్తున్న ఒక ముసలి ఎద్దు వైపు తిరిగారు. వయసులో ఆ ఎద్దు కాడి లాగితే బండితోపాటు రోడ్డు కూడా ముందుకు జరిగేదట. ఇప్పుడు రైతు బీట్లోకి వదిలేశాడు.

"మామా, రేపు నువ్వొక పని చెయ్యాల," అంది తీతువు.

"ఏం లాగాల?"

"ఏమీ చెయ్యగూడదు. గుడ్డు నీ పొట్ట కిందికొచ్చేట్టు నిలబడాల. అక్క తిరిగొచ్చేదాకా కాలు కదపగూడదు. కదిపితే గుడ్డు పిండి."

ఎద్దు చాలాసేపు నెమరేసింది. "లాగుడే నయం," అంది. అన్నా, ఒప్పుకుంది.

మర్నాడు జింకలకు కునుకుపట్టే వేళ చూసుకొని నక్క బయలుదేరింది. ఆ ఎండకు తొండలు రాళ్ళ మీద కాళ్ళు మార్చి మార్చి నిలబడుతున్నాయి. దూరంగా మిట్ట మీద జింకల వలయం, నడుమ బట్టమేక కనిపిస్తున్నాయి. బీడు మొత్తానికి నీడ మాత్రం ఒక్కటే, ఎద్దు కింద. నక్క నేరుగా అక్కడికే వచ్చింది!

"కాసేపు కూచుంటా మామా. మీ అందరి కోసం తిరిగి తిరిగి కాళ్ళు కాలినాయి."

ఎద్దు వెనక కాళ్ళ దగ్గర చతికిలబడింది. తోక పొట్ట కిందికి సాచింది. ఆ తోక కొస గుడ్డుకు తగిలింది. మట్టిరంగు గుడ్డు, రాళ్ళలో రాయిలా ఉంది. మిట్ట మీది నుంచి బట్టమేక అంతా చూస్తూనే ఉంది. లేస్తే అంతా బయటపడుతుంది. లేవలేదు.

అప్పుడే ఒక జోరీగ వచ్చి ఎద్దు తొడ మీద వాలింది. ఆ వెంట ఇంకొకటి. అవి ఒక్కోటీ కోడిపుంజంత! నెత్తురు గిట్ట దాకా కారింది.

నక్క తలెత్తింది. "ఏం మామా, జోరీగ పీక్కుతింటాంటే కాలు ఇదిలించవే?"

"వయసైంది అల్లుడూ. లేపితే మళ్ళా దించలేను."

"తోకన్నా ఊపొచ్చు గదా?"

"దానికీ వయసైంది."

నక్క కళ్ళు చిన్నవయ్యాయి. ముక్కు ఎగబీల్చింది. "ఏదో వాసన వస్తాంది మామా, ఇక్కడే..." అంటూ మెల్లగా పొట్ట కిందికి తల తిప్పబోయింది.

"నా వాసనే అల్లుడూ," అంది ఎద్దు, పొద్దున్నుంచి బిగబట్టినదంతా వదిలేస్తూ.

అది పేడా, పర్వతమా! పిడకలు కొడితే ఊరికి ఏడాది వంట చెరుకు. అంతా నక్క నెత్తినే పడింది. నక్క గాల్లోకెగిరి నీడ అవతల పడింది. ముక్కులో పేడ, నోట్లో తిట్లు. ఇక ఏ వాసనా తెలియలేదు.

అదే అదనని బట్టమేక రెండు రెక్కలూ విప్పి రాయిని కప్పుకొని వణికింది. తీతువు ఒక రెక్క విరిగినట్టు ఈడ్చుకుంటూ నక్కకు అడ్డం వచ్చింది. "అటు పోవద్దప్పా! నీకు దణ్ణం పెడతా, అటు మాత్రం పోవద్దు!"

నక్క నవ్వింది. తల్లి కప్పిందంటే అక్కడే ఉంది గుడ్డు! ఒక్క పరుగు తీసింది. జింకలు చెదిరాయి, బట్టమేక పక్కకు దూకింది. నక్క నోరంతా తెరిచి, బలమంతా దవడలోకి తెచ్చుకొని కొరికింది.

ఆ చప్పుడుకు ఏటవతలి ఊళ్ళో జనం పిడుగు పడిందని ఎండబెట్టిన మిరపకాయలు ఎత్తుకున్నారు. నక్క పళ్ళు ఏరుకోవడానికి కూడా ఆగలేదు.

బట్టమేక మెల్లగా, మేస్తున్నట్టు నటిస్తూ వచ్చి గుడ్డు మీద కూర్చుంది. అప్పుడు గానీ ఎద్దు కాలు లేపి విదిలించలేదు.

కొన్నాళ్ళకు బోసినోటి నక్క అటుగా పోతూ, బట్టమేక వెంట తూలుతూ పరిగెత్తే పిల్లను చూసి నిలబడిపోయింది.

"యాడ పెట్టినారు మామా గుడ్డు?"

ఎద్దు నెమరు ఆపి అంది: "నువ్వు తోక సాచుకొని కూచుంటివే అధ్యక్షా, ఆడ."

కావలి కాస్తామని కేకలేసేవాళ్ళు వెయ్యిమంది దొరుకుతారు గానీ, జాతిని నిలబెట్టేది జోరీగ కుట్టినా కాలు కదపనివాడే.