నవనీత కట్టిన ముడి

మెదక్ దగ్గర ఈదులపల్లిలో నవనీత అనే చురుకైన అమ్మాయి ఉండేది కానీ, తాను చేసిన పనిని ఇంకొకరు సరిచూస్తామంటే ఆమెకు ఎక్కడలేని కోపం వచ్చేది.

బడిలో లెక్కల పరీక్ష పెడితే అందరికంటే ముందు లేచి పేపరు ఇచ్చేసేది. "ఒక్కసారి చూసుకోరాదమ్మా" అని టీచర్ అంటే, "చూసుకునే రాసిన టీచర్" అనేది. పొయ్యి మీది కూరలో ఉప్పు చూద్దామని తల్లి లచ్చవ్వ వస్తే గరిటె లాక్కునేది. "నేను చూస్తే దీని కూర తరుగుతదట" అని లచ్చవ్వ నవ్వేది.

ఆమె తండ్రి సోమనర్సయ్య తాటిచెట్లెక్కి కల్లు గీసేవాడు. చెట్టెక్కేటప్పుడు చెట్టుకూ తమ నడుముకూ కలిపి కల్లు గీసేవాళ్లు ఒక తాడు చుట్టుకుంటారు. దాన్ని మోకు అంటారు. మోకు ముడి జారితే మనిషి దక్కడు. అందుకే ఆ ఊళ్లో ఒక కట్టుబాటు ఉండేది. పొద్దున్నే ఎవరి మోకును వాళ్లు పక్కవాడి చేతికివ్వాలి. అతను తాడంతా తడిమి, ముడిని బలంగా లాగి చూసి, "ఎక్కు" అనాలి. ఆ మాట వినకుండా ఎవరూ చెట్టు మీద కాలు పెట్టేవారు కాదు.

సోమనర్సయ్య మోకు చూసేది కొమురయ్య. వరసకు అన్న. ఒక ఏడాది చెట్ల పంపకం దగ్గర మాటా మాటా పెరిగి, అన్నదమ్ములిద్దరి మధ్యా మాటలు ఆగిపోయాయి. పెళ్లికి పోతే ఒకరు తిన్న బంతిలో ఇంకొకరు కూర్చునేవారు కాదు. అయినా తెల్లారేసరికి తాటివనంలో ఎదురెదురుగా నిలబడేవారు. మోకులు మార్చుకునేవారు. లాగి చూసి, ముఖం అటు తిప్పుకుని, "ఎక్కు" అనేవారు.

నవనీతకు అది చూస్తే నవ్వొచ్చేది.

"మాట్లాడని మనిషికి మోకెందుకిస్తవ్ నాయినా? నీకు ముడేసుడు రాదా?"

"నువ్వు పుట్టకముందు నుంచి ఏస్తున్న బిడ్డా."

"మరింకేంది?"

"కోపం నేల మీదనే ఉండాలె. చెట్టు మీదికి తీస్కపోవద్దు" అన్నాడు సోమనర్సయ్య.

ఆ తాటివనం మీదుగా దుండిగల్ వాయుసేన అకాడమీ నుంచి వచ్చే చిన్న శిక్షణ విమానాలు ఎగురుతుండేవి. తండ్రికి సద్ది తీసుకుపోయే నవనీత, అవి కనిపించకుండా పోయేదాకా తలెత్తి చూసేది. పెద్దయ్యాక కూడా ఆ చూపు మానలేదు. డిగ్రీ అయ్యాక ఒకరోజు అన్నం ముందు కూర్చుని చెప్పేసింది.

"నేను వాయుసేనల పైలట్ నవుత."

లచ్చవ్వ చేతిలో ముద్ద ఆగిపోయింది. "మీ నాయిన తాటిచెట్టెక్కితేనే వచ్చేదాకా నాకు బువ్వ సయించది. నువ్వు ఇంకా పైకి పోతనంటున్నవా?"

సోమనర్సయ్య మాత్రం కూర వడ్డించుకుంటూ, "పోనియ్. మన ఇంట్ల ఎత్తుకు భయపడేటోళ్లు ఎవరున్నరు?" అన్నాడు.

నవనీత చెరువుగట్టు మీద పరుగెత్తింది. చదివింది. రాతపరీక్ష గట్టెక్కింది. ఎంపిక పరీక్షలకు మైసూరు రమ్మని కబురొచ్చింది. అయితే వచ్చే ఏటికి ఆమెకు వయసు దాటిపోతుంది. అంటే ఇదే మొదటి అవకాశం, ఇదే ఆఖరిది.

మైసూరులో ఆమె జట్టులో అందరూ అమ్మాయిలే. ఒక్కొక్కరి రొమ్ము మీదా నంబరున్న గుడ్డ కట్టారు. జట్టులో రాజమండ్రి నుంచి వచ్చిన లాస్య ఒక్కతే తెలుగమ్మాయి. ఒక భాషవాళ్లు కదా, కలిసిపోతారనుకుంటాం. మొదటి చర్చలోనే ఇద్దరికీ చెడింది. నవనీత మాట మధ్యలో లాస్య అడ్డొచ్చింది. లాస్య మాట మధ్యలో నవనీత అడ్డొచ్చింది. మధ్యాహ్నం భోజనాల దగ్గర ఇద్దరూ ఎడమొహం పెడమొహంగా కూర్చున్నారు.

మర్నాడు మైదానంలో జట్టుకు పరీక్ష పెట్టారు. నేల మీద రెండు గీతలు గీసి, ఆ మధ్యదంతా లోయ అనుకోమన్నారు. ఒక చెక్క, ఒక తాడు ఇచ్చారు. అటూ ఇటూ ఉన్న ఇనుప గొట్టాల మీదుగా అందరూ లోయ దాటాలి. తాడు చూడగానే నవనీత ప్రాణం లేచొచ్చింది. చెక్కను గొట్టానికి ఆనించి, తండ్రి వేసే మోకు ముడి చకచకా వేసింది.

"ఒకసారి లాగి చూద్దామాండీ?" అంది లాస్య.

"అవసరం లేదు. తాడుతోనే పుట్టి పెరిగినం మేము" అంది నవనీత.

"తాడుతో పుట్టారేమోగానీ, ఈ గొట్టంతో పుట్టలేదుగా."

"నా ముడి సంగతి నాకు తెలుసు. నువ్వు పక్కకు జరుగు."

మధురై నుంచి వచ్చిన సుగంధి ముందు నడిచింది. చెక్క నడిమికి వచ్చేసరికి ముడి సర్రున జారింది. తాటిచెట్టు గరుకుగా ఉంటుంది, తాడును పట్టి ఉంచుతుంది. రంగు వేసిన ఇనుప గొట్టం నున్నగా ఉంటుంది, తాడును వదిలేస్తుంది. నవనీత చేతులకు తెలిసింది ఒక్క తాటిచెట్టే. సుగంధి కిందపడింది. చీలమండ బెణికింది.

పరీక్ష పెట్టిన అధికారి కాగితం మీద ఏదో రాసుకున్నాడు. ఆయన తిట్టి ఉంటే బాగుండునని నవనీతకు అనిపించింది.

సాయంత్రం ఆమె సుగంధి గదికి వెళ్లింది. సుగంధి కాలికి కట్టు కట్టుకుని మంచం మీద కూర్చుని ఉంది. మర్నాడు ఆ కాలితోనే ఆమె మిగతా పరీక్షలు దాటాలి.

"తప్పు నాదే" అంది నవనీత.

సుగంధి కోప్పడలేదు. "ముడి గట్టిదని నువ్వన్నావు. నేను నమ్మాను, అంతే" అంది.

ఆ మాట ఏ తిట్టు కన్నా ఎక్కువగా తగిలింది. బయటికొచ్చి మెట్ల మీద కూర్చుంటే, నవనీతకు తాటివనం గుర్తొచ్చింది. ముఖం అటు తిప్పుకుని కూడా ముడిని మాత్రం బలంగా లాగే కొమురయ్య గుర్తొచ్చాడు. నాన్న మోకు ఇచ్చేది ముడి వేయడం రాక కాదు. కింద ఆయన కోసం ఎదురుచూసే అమ్మ ఉంది కనుక, కూతురు ఉంది కనుక. ఇన్నేళ్లుగా తాను నవ్వింది దేన్ని చూసో ఆమెకు అప్పుడు తెలిసింది.

మర్నాడు ఒక్కొక్కరికీ నాయకత్వ పరీక్ష. నాయకురాలు జట్టులోంచి ఇద్దరిని సాయానికి పిలుచుకోవచ్చు. అందరూ తమతో స్నేహంగా ఉన్నవాళ్లనే పిలుచుకున్నారు. నవనీత వంతు వచ్చింది. ముందు కేరళ అమ్మాయి జెస్సీని పిలిచింది. తర్వాత, "లాస్యా, నువ్వు రా" అంది.

లాస్య వెనక్కి తిరిగి చూసింది, ఇంకో లాస్య ఉందేమోనన్నట్టు.

మళ్లీ చెక్క, తాడు, ఇనుప గొట్టం. ఈసారి బరువైన పీపాను కూడా లోయ దాటించాలి. నవనీత ముడి వేసి, తాడు కొస లాస్య చేతికిచ్చింది.

"నాకైతే గట్టిగానే కనబడుతోంది. నువ్వు తప్పు పట్టు."

"తప్పు పట్టమంటే నేను మొహమాటపడను, ముందే చెప్తున్నా."

"అందుకే పిలిచిన."

లాస్య కాలు గొట్టానికి తన్నిపెట్టి రెండు చేతులా లాగింది. ముడి వేలెడంత జరిగింది. "చాలదు. ఇంకో రెండు చుట్లు వెయ్యి, మధ్యలో మెలిక పెట్టు" అంది. నవనీత ముడి విప్పి మళ్లీ కట్టింది. లాస్య మళ్లీ లాగింది. ఈసారి కదల్లేదు. ముగ్గురూ పీపాను నెమ్మదిగా దొర్లించారు. అది అవతలి గీత చేరకముందే ఈల మోగింది. సమయం అయిపోయింది. పని పూర్తి కాలేదు.

ముందురోజు సుగంధిని పడగొట్టింది. ఈరోజు పని పూర్తి చెయ్యలేదు. ఇక తన కథ ముగిసిందనుకుంది నవనీత. పెట్టె సర్దుకుంది కూడా.

చివరి రోజు అధికారులందరూ ఒక పెద్ద బల్ల చుట్టూ కూర్చుని, ఒక్కొక్కరినే లోపలికి పిలిచారు. మైదానంలోని అధికారి ఆమెను అడిగాడు.

"మొన్న చెక్క జారింది. ఎవరి తప్పు?"

"నాదే సార్. చూస్తానన్న అమ్మాయిని చూడనివ్వలేదు."

"నిన్న ఆ అమ్మాయినే పిలిచావు. మీ ఇద్దరికీ పడదని మైదానంలో అందరికీ తెలుసు. ఎందుకు పిలిచావు?"

"నన్ను మెచ్చుకునేవాళ్లకు నా తప్పు కనబడదు సార్. ఆమెకు కనబడుతుంది."

"చుట్లు మళ్లీ వేయడంలో సమయం పోయింది కదా?"

"పోయింది సార్. మనిషి పడలేదు."

ఆమెను ఇక వెళ్లమన్నారు.

మధ్యాహ్నం అందరినీ వరుసలో నిలబెట్టి, ఎంపికైనవాళ్ల నంబర్లు చదివారు. సుగంధి నంబరు వచ్చింది. ఆమె కుంటుతూనే ముందుకు నడిచింది. తర్వాత నవనీత నంబరు వచ్చింది. తనదేనా అని ఆమె రొమ్ము మీది గుడ్డను వంగి చూసుకుంది.

లాస్య నంబరు రాలేదు. ఆమె కళ్లు తుడుచుకుని, నవనీత దగ్గరికి వచ్చింది. "నాకింకా వయసుందిలే, మళ్లీ వస్తాను. ఈలోపు నీ ముడులు ఎవరు లాగి చూస్తారో పాపం" అంది. నవనీత ఆమెను గట్టిగా పట్టుకుంది. వదలబుద్ధి కాలేదు.

ఆ తర్వాత పైలట్లకు యంత్రాల మీద పెట్టే పరీక్ష, వైద్యపరీక్షలు కూడా దాటాక, దుండిగల్‌లో శిక్షణకు రమ్మని పిలుపు వచ్చింది.

బయలుదేరే రోజు ఇంటి ముందు ఆటో ఆగింది. నల్లటి ట్రంకుపెట్టెను ఆటో వెనక పెట్టి, నవనీతే తాడుతో కట్టింది. లచ్చవ్వ కొంగుతో ముఖం తుడుచుకుంటూ నిలబడింది. అప్పుడే కొమురయ్య వనం నుంచి వస్తూ, తమ్ముడి ఇంటి ముందు మనుషుల్ని చూసి సైకిలు దిగి, రోడ్డుకు అవతలే ఆగిపోయాడు.

నవనీత రోడ్డు దాటి వెళ్లి ఆయన చెయ్యి పట్టుకుంది.

"పెద్దనాయినా, ముడి నేను కట్టిన. జర నువ్వు చూడు."

కొమురయ్య వచ్చాడు. తాడంతా తడిమాడు. ముడిని బలంగా లాగాడు. ఒకచోట విప్పి మళ్లీ బిగించాడు. నవనీతకు కోపం రాలేదు. ఆయన ఈసారి ముఖం తిప్పుకోలేదు. ఆమె తల మీద చెయ్యి పెట్టి, "ఎక్కు బిడ్డా" అన్నాడు.

ఆటో మలుపు తిరిగింది. దుమ్ము సర్దుకుంది. సోమనర్సయ్య అన్న వైపు తిరిగాడు.

"చాయ్ తాగిపో అన్నా."

కొమురయ్య సైకిలు గోడకు ఆనించాడు. "చక్కెర తక్కువెయ్యమను" అన్నాడు.

పిల్లలూ, మన పని మన కంటికి ఎప్పుడూ బాగానే కనిపిస్తుంది. మన తప్పు చూపగల మనిషి చేతికి, వాడు మనకు నచ్చనివాడైనా సరే, మన ముడిని అందించగలిగినవారే ఎంత ఎత్తుకైనా ఎక్కగలరు.